అప్పు మాఫీనా, చిల్లు పూడ్చడమా: పేద దేశానికి ఏది మేలు?

బేగంబజార్‌లో కచ్చా బిల్లుకీ పక్కా బిల్లుకీ తేడా తెలిసినవాళ్లకు, పేద దేశాల డాలర్లు ఎలా జారిపోతాయో విడమరిచి చెప్పక్కర్లేదు. కోటి డాలర్ల రాగిని మూడో దేశంలోని తమ సొంత కంపెనీకే 80 లక్షలకు అమ్మినట్టు ఇన్‌వాయిస్ రాస్తారు. ఆ కంపెనీ అసలు ధరకు అమ్ముకుంటుంది. 20 లక్షలు బయటే ఉండిపోతాయి, అదే చిల్లు. ఇంట్లో డాలర్ల కరువు, దానికోసం మళ్లీ అప్పు.

పోయినదాన్ని లెక్కగట్టే పద్ధతి తేలికే. ఏడాదిలో కొత్త విదేశీ అప్పు 100, విదేశీ పెట్టుబడి 30 వచ్చాయనుకోండి. కరెంట్ ఖాతా లోటుకు (దిగుమతులు, వడ్డీల వంటివాటికి బయటికి కట్టింది ఎగుమతుల వంటివాటి రాబడిని మించిన మేర) 70, దేశపు విదేశీ మారక నిల్వల్లోకి 20 పోయాయి. జాడ తెలియని 40 పారిపోయిన పెట్టుబడి కింద లెక్క. దొంగ ఇన్‌వాయిస్‌ల సొమ్ము ఇందులో పడదు, దాన్ని విడిగా కలపాలి.

మాఫీ బలం వేగం. 2005లో జాంబియాకు మాఫీ ఖరారైంది. 700 కోట్ల డాలర్లు దాటిన బాకీ 2006 చివరికల్లా 100 కోట్ల లోపుకు దిగింది. 2006లోనే పల్లెల్లో సర్కారు వైద్యానికి రుసుము ఎత్తేశారు. ఇది చిన్న మేలు కాదు. కానీ 2012లో 75 కోట్ల డాలర్ల బాండ్లతో అప్పు మళ్లీ మొదలైంది. 2020 నవంబరులో 4.25 కోట్ల వడ్డీ కట్టలేక చేతులెత్తేశారు. తప్పంతా పారిపోయిన పెట్టుబడిదే అనను, ఎడాపెడా చేసిన అప్పులదీ వాటా ఉంది.

చిల్లు పూడ్చే పని కస్టమ్స్‌లో మొదలవుతుంది. మన ఎగుమతి లెక్కను కొన్న దేశపు దిగుమతి లెక్క పక్కన పెట్టి చూడాలి. ఇక్కడే తొందరపడితే బోల్తా పడతాం. దిగుమతి ధరలో ఓడ కిరాయి, బీమా కలిసే ఉంటాయి, కాబట్టి కొంత తేడా సహజం. పైగా జాంబియా రాగి కాగితాల మీద స్విట్జర్లాండ్ వ్యాపారులకు వెళ్తుంది, సరుకు దిగేది ఇంకెక్కడో. ఆ తేడాను దొంగతనమంటే పరువు పోతుంది. సరుకువారీగా ప్రపంచ మార్కెట్ ధరతో పోల్చడమే నికరం.

1998లో మలేషియా చేసినట్టు డబ్బు బయటికి పోకుండా గేటు వేయడం మూడో దారి. బ్యాంకుల మీద పట్టులేని చోట అది హవాలాకే గిరాకీ పెంచుతుంది.

వాయిదా నెత్తిమీదుంటే ముందు మాఫీయే. ఊపిరి తీసుకునే వ్యవధి ఉంటే కస్టమ్సే నా ఓటు. మాఫీ తీసుకున్నా ప్రతి రుణ ఒప్పందాన్నీ బయటపెట్టాలన్న షరతు ఉండాల్సిందే: మొజాంబిక్‌లో 2013-14లో సర్కారు హామీతో తెచ్చిన 100 కోట్ల డాలర్లకు పైబడిన రుణాల సంగతి 2016 దాకా పార్లమెంటుకే తెలియదు.