పీసీ గేమ్ కొంటున్నారా? జాగ్రత్త, వేరేవాళ్ల స్టీమ్ అకౌంట్ అంటగడుతున్నారు

విజయవాడ, గుంటూరుల్లో పీసీ గేమ్‌లు కొనేవాళ్లు, ముఖ్యంగా రూముల్లో, హాస్టళ్లలో ఉండి చదువుకునే పిల్లలు దయచేసి ఇది పూర్తిగా చదవండి. స్టీమ్ అంటే పీసీ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్, అక్కడ కొన్న గేమ్ మన అకౌంట్‌లోనే ఉంటుంది. "ఒరిజినల్ స్టీమ్ గేమే, మూడో వంతు ధరకు ఇస్తాం" అని ఎవరైనా అంటే డబ్బులు కొట్టేముందు ఒక్క మాట అడగండి. గేమ్ నా అకౌంట్‌లోకి వస్తుందా, మీరిచ్చే అకౌంట్‌లో ఆడుకోవాలా? సూటిగా చెప్పకుండా నసిగితే అక్కణ్ణించి వచ్చేయండి.

మా తమ్ముడు గుంటూరులో ఇంజనీరింగ్ చదువుతున్నాడు, బ్రాడీపేటలో రూము. వాడికీ వాడి స్నేహితులకీ స్టార్‌షిప్ ట్రూపర్స్: ఎక్స్‌టర్మినేషన్ అంటే పిచ్చి. తెలియనివాళ్లకు చెబుతాను. మనిషిని మించిన పురుగులు మందలు మందలుగా మీద పడుతుంటే 16 మంది సైనికులు ఆన్‌లైన్‌లో కలిసి ఎదుర్కొనే షూటింగ్ గేమ్ ఇది. 2023 మే నెలలో ఎర్లీ యాక్సెస్‌లో (అంటే తయారీ పూర్తికాకముందే అమ్మకానికి) వచ్చింది, 2024 అక్టోబరు 11న పూర్తి వెర్షన్ విడుదలైంది. గోడలు కట్టుకోవాలి, టవర్లు లేపుకోవాలి, ఒకరు మెడిక్‌గా, ఒకరు ఇంజనీర్‌గా పని పంచుకోవాలి. చచ్చిన పురుగులు గోడ పక్కనే గుట్టపడతాయి, వెనక వచ్చేవి ఆ గుట్టెక్కి లోపలికి దూకుతాయి. పక్కన మనవాళ్లు లేకపోతే ఈ గేమ్‌లో మజానే లేదు. అమ్మినవాడికి ఇది బాగా తెలుసు. తెలిసే అమ్మాడు.

షాపు విజయవాడలో. పేరు రాయను. తమ్ముడు వెళ్లి అడిగితే "ఆరు వందలు, ఒరిజినల్" అన్నారు. డబ్బులు షాపు పేరు మీద ఉన్న క్యూఆర్‌కి కాకుండా ఎవరిదో సొంత నంబరుకి ఫోన్‌పే చేయించుకున్నారు. బిల్లు అడిగితే "గేమ్‌లకి బిల్లుండదు తమ్ముడూ" అని పంపేశారు. ఆ రాత్రి వాట్సాప్‌లో ఒక యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ వచ్చాయి. అంతే, గేమ్ అంటే అదే.

లాగిన్ అవుదామంటే స్టీమ్ గార్డ్ కోడ్ అడిగింది, అంటే ఓటీపీ లాంటిది. ఆ కోడ్ అకౌంట్ ఎవరిదైతే వాళ్ల ఫోన్‌కో మెయిల్‌కో వెళుతుంది. అంటే లాగౌట్ అయిన ప్రతిసారీ షాపువాణ్ణి బతిమాలుకోవాలి. పిల్లలు ఆడుకునేది రాత్రి పదింటికి, వాడు షాపు తెరిచేది పొద్దున పదకొండింటికి. అదొక్కటే అయితే సర్దుకునేవాళ్లేమో. అదే అకౌంట్ ఇంకెంతమందికి అమ్మాడో మాకు తెలియదు. ఒకే అకౌంట్‌లో ఒకే గేమ్‌ని ఒకేసారి ఇద్దరు ఆన్‌లైన్‌లో ఆడటానికి స్టీమ్ ఒప్పుకోదు. తమ్ముడు మధ్యలో ఉండగా ఇంకెవరో ఓపెన్ చేస్తే వీడి ఆట ఆగిపోయేది. వీడు కష్టపడి పెంచుకున్న మెడిక్ లెవెల్, ఎవరో ముక్కూమొహం తెలియనివాడు ఆడిన లెవెల్, అన్నీ ఒకే ఖాతాలో కలిసిపోయాయి. చివరికి ఒక సాయంత్రం పాస్‌వర్డే మారిపోయింది.

షాపుకి ఫోన్ చేస్తే "మేం ఇచ్చింది ఆఫ్‌లైన్ యాక్టివేషన్, సోలో మిషన్లు ఆడుకోవాలి" అన్నారు, అంటే నెట్ లేకుండా ఒంటరిగా ఆడుకోవాలట. అమ్మేటప్పుడు ఆ మాటే లేదు. పూర్తి వెర్షన్‌తో ఒంటరిగా ఆడే మిషన్లు వచ్చిన మాట నిజమే, కానీ నలుగురు స్నేహితులు కలిసి ఆడటానికి కొంటున్నామని వాడు కౌంటర్ దగ్గరే చెప్పాడు. నాకు కోపం తెప్పించేది ఇదే. నెలకి ఇంట్లోవాళ్లు పంపే డబ్బుల్లో మిగుల్చుకుని కొనుక్కునే పిల్లలకి ఆరు వందలు చిన్న మొత్తం కాదు.

ఇలా కొన్నదానికి రిఫండ్ కూడా రాదు. స్టీమ్‌లో మన అకౌంట్‌తో కొంటే 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటల్లోపు అయితే డబ్బులు వెనక్కి అడగొచ్చు. వేరేవాళ్ల అకౌంట్‌లో ఆ హక్కు వాళ్లదే. పైగా అకౌంట్లు అమ్మడం స్టీమ్ నిబంధనలకే విరుద్ధం. ఆ అకౌంట్ వాడేవాళ్లలో ఒక్కడు చీట్ (ఆటలో మోసం చేసే సాఫ్ట్‌వేర్) వాడి బ్యాన్ తెచ్చుకున్నా అందరి ఆటా పోతుంది. పీఎస్5 గేమ్ కన్సోల్‌కి ప్రైమరీ, సెకండరీ అని అమ్మే అకౌంట్లు కూడా ఇదే బాపతు.

ఇంకోటి, ఇది డబ్బుల కంటే పెద్ద విషయం. ఇలాంటి షాపులు కొన్ని ఎనీడెస్క్ (దూరం నుంచే మన కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టించుకుని మన సిస్టమ్‌లోకి వస్తాయి, యాంటీవైరస్ ఆపమంటాయి. ఒప్పుకోకండి. ఆ కంప్యూటర్‌లోనే మీ మెయిల్, కాలేజీ సర్టిఫికెట్ల కాపీలు, బ్యాంకు లాగిన్లు ఉంటాయి.

మరి చవగ్గా కావాలంటే? గేమ్‌ని మీ స్టీమ్ విష్‌లిస్టులో పెట్టండి, ధర తగ్గితే మెయిల్ వస్తుంది. వేసవిలో, శీతాకాలంలో పెద్ద సేల్స్ ఉంటాయి. స్టీమ్‌లో ధరలు రూపాయల్లోనే ఉంటాయి, యూపీఐతో కట్టొచ్చు, కార్డు కూడా అక్కర్లేదు. షాపులోనే కొనాలనుకుంటే కీ, అంటే గేమ్‌ని మన అకౌంట్‌లోకి తెచ్చే కోడ్, అడగండి. ఆ కీని కౌంటర్ దగ్గరే మీ స్టీమ్‌లో కొట్టి, గేమ్ మీ లైబ్రరీలోకి వచ్చాకే డబ్బులివ్వండి.

ఇప్పటికే ఇలా ఇరుక్కున్నవాళ్లు ఊరుకోకండి. అమ్మినదానికి బిల్లు ఇవ్వకపోవడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి తెలుగులోనే ఫిర్యాదు చెప్పొచ్చు. తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాల్సివచ్చినా, 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు. వాళ్లు మీ సిస్టమ్‌లోకి వచ్చాక బ్యాంకు డబ్బులు పోయినట్టనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి.

మేం 1915లో ఫిర్యాదు ఇచ్చాం. షాపువాడు మా తమ్ముడి నంబరు బ్లాక్ చేశాడు, కానీ వాడు పంపిన పాస్‌వర్డ్ మెసేజ్, "ఒరిజినల్" అని పెట్టిన మెసేజ్, ఫోన్‌పే రసీదు మా దగ్గర భద్రంగా ఉన్నాయి. మీరూ అవి డిలీట్ చేయకండి, ఈ రోజే స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి.