విశాఖలో మూడున్నరేళ్ళు: సీమ నుంచి వచ్చిన విలేకరి సమీక్ష

2022 జూన్‌లో ఒక సాయంత్రం అనంతపురంలో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, మర్నాడు మధ్యాహ్నం విశాఖపట్నంలో దిగాను. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. ఒక సూట్‌కేసు, అమ్మ కట్టిచ్చిన ఎండు జొన్నరొట్టెలు, వేరుశనగ పొడి, ఒక దినపత్రిక నగర విభాగంలో చేరమన్న ఉత్తరం: నాతో వచ్చినవి ఇవే.

మొన్న మా జర్నలిజం కళాశాల జూనియర్లు ఇద్దరు ఫోను చేశారు. "అక్కా, విశాఖలో ఉద్యోగం ఇస్తామంటున్నారు, రావచ్చా?" అని అడిగారు. అప్పటికప్పుడు ఏదో చెప్పాను కానీ, ఫోను పెట్టేశాక ఆ జవాబు నాకే చాలలేదు. మూడు వేసవులు, నాలుగు వానాకాలాలు గడిచిన మీదట ఈ ఊరి గురించి చెప్పగలిగింది వివరంగా రాస్తున్నాను. నా పత్రిక పేరు, మనుషుల పేర్లు ఇందులో ఉండవు.

అద్దె ఇల్లు మొదటి పరీక్ష. ఒంటరి ఆడపిల్లకు ఇవ్వబోమన్నవాళ్ళు కొందరు, పోలీసులకూ వకీళ్ళకూ పత్రికలవాళ్ళకూ ఇవ్వబోమన్నవాళ్ళు కొందరు. పదిహేడు రోజులు హాస్టల్లో ఉండి తిరిగితే పెదవాల్తేరులో ఒక మామ్మగారు మేడమీద గది చూపించారు. "డెస్కులో పని అయ్యేసరికి రాత్రి పదకొండు దాటుతుందండీ" అని ముందే చెప్పాను. "గేటు తాళంచెవి ఇంకొకటి చేయించుకో తల్లీ" అన్నారు. ఆ ఒక్క మాటకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను. అప్పుడు అద్దె ఆరున్నర వేలు, ఇప్పుడు తొమ్మిది వేలు. కొత్తగా వచ్చేవాళ్ళు ఎంవీపీ కాలనీ, సీతమ్మధార అని పట్టుబడితే జీతంలో సగం అద్దెకే పోతుంది. పెదవాల్తేరు, అక్కయ్యపాలెం, కంచరపాలెం లోపలి వీధుల్లో ఓపికగా వెతకండి. గాజువాక ఇంకా చవక. కానీ కలెక్టరేటు, నగరపాలక సంస్థ, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) అన్నీ ఇటువైపే ఉన్నాయి. రాత్రి పది దాటాక అంత దూరం షేర్ ఆటోలో ఒంటరిగా వెళ్ళడానికి నాకు ఎన్నడూ ధైర్యం చాలలేదు.

చాలాకాలం ఉంటేగానీ తెలియనిది ఇక్కడి ఉప్పుగాలి. రెండో వానాకాలానికి నా స్కూటర్ సైలెన్సర్ అడుగున చిల్లు పడింది, కిటికీ ఊచల రంగు పొరలుగా లేచిపోయింది, బీరువా తాళం బిగుసుకుపోయింది. అన్నిటికంటే బాధ కలిగించింది కెమెరా. లెన్సు లోపల బూజు సాలెగూడులా అల్లుకుంది. బాగుచేసిన మనిషి చెప్పాక గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టడం నేర్చుకున్నాను. విలేకరిగా వచ్చేవాళ్ళు ఆ డబ్బాను మొదటి జీతంతోనే కొనుక్కోవాలి. నోటుపుస్తకం కాగితం మెత్తబడి సిరా పాకుతుంది కాబట్టి జెల్ పెన్ను మానేసి బాల్ పెన్నుకు మారాను. అనంతపురంలో నలభై రెండు డిగ్రీల ఎండలోనూ వేపచెట్టు కిందికి వెళ్తే ప్రాణం కుదుటపడుతుంది. ఇక్కడ ముప్పై నాలుగుకే ఒళ్ళు తడిసి ముద్దవుతుంది, నీడలోనూ ఉక్కపోత వదలదు. మే నెల మధ్యాహ్నాల్లో గాంధీ విగ్రహం దగ్గర ధర్నాలకు వెళ్ళేటప్పుడు ఉప్పు వేసిన మజ్జిగ సీసా లేకుండా నేను కదలను.

మా మామ్మగారు ఏ సంగతి చెప్పినా హుద్‌హుద్‌కు ముందు, హుద్‌హుద్ తర్వాత అనే చెబుతారు. 2014 అక్టోబరు 12న వచ్చిన ఆ తుపానుకు పెరట్లో పనసచెట్టు కూలిపోయింది. మిగిలిన మొద్దు మీద ఇప్పుడు వడియాలు ఆరబెడతారు.

నీళ్ళ సంగతి నేను తప్పక చెప్పాలి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే జిల్లా నుంచి వచ్చినదాన్ని. కుళాయి తిప్పితే నీళ్ళు రావడం నాకు ఇప్పటికీ మామూలు విషయంగా అనిపించదు. రైవాడ, తాటిపూడి, మేఘాద్రిగెడ్డ జలాశయాల నుంచి, ఏలేరు కాలువ నుంచి ఈ నగరం నీళ్ళు తాగుతుంది. అయితే కొండవాలు కాలనీల్లో కథ వేరు. ఒక తెల్లవారుజామున బిందెలతో పైకెక్కే ఆడవాళ్ళ వెంట నడిచి మెట్లు లెక్కపెట్టాను. నూట పద్దెనిమిది. ఆ అంకెను శీర్షికలో పెట్టమని వార్తలు దిద్దే డెస్కును బతిమాలితే పెట్టారు. రెండు నెలల తర్వాత అక్కడ ఒక ట్యాంకు వెలిసింది. నా వార్త వల్లే వచ్చిందని చెప్పను. అంతకు ముందు ఆరేళ్ళుగా ఆ కాలనీవాళ్ళు ప్రతి అధికారికీ అర్జీలు పెడుతూనే ఉన్నారు. ఆ ఆరేళ్ళలో ఒక్క వార్తయినా వచ్చిందేమోనని పాత సంచికలు తిరగేశాను. ఒక్కటీ లేదు.

అక్కడ మొదలైన ఆలోచన నన్ను ఇప్పటికీ వదలలేదు.

ఈ నగరంలో వార్త గేటు బయట దొరుకుతుంది. నౌకాదళం, ఓడరేవు, ఉక్కు కర్మాగారం, చమురు శుద్ధి కర్మాగారం, అన్నీ ప్రహరీల వెనుకే. లోపలికి వెళ్ళాలంటే అనుమతి, అనుమతికి లేఖ, లేఖకు జవాబు వచ్చేదాకా నిరీక్షణ. మొదట్లో చాలా చికాకుపడేదాన్ని. షిఫ్టు దిగే వేళ గేటు ఎదుట టీ కొట్టు దగ్గర గంటసేపు నిలబడడం తెలిశాక ఆ చికాకు పోయింది.

కర్మాగారాన్ని ప్రైవేటుకు అమ్మవద్దంటూ కూర్మన్నపాలెం కూడలిలో ఉక్కు కార్మికుల దీక్షా శిబిరం 2021 ఫిబ్రవరిలో మొదలైంది. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ప్రశ్నలు కాగితం మీద రాసుకుని, ఇరవై నిమిషాల్లో ముగించి రావాలనుకున్నాను. శిబిరంలో ఒక పెద్దాయన, "కూర్చో అమ్మా, ఇది 1966 నుంచి చెప్పాలి" అన్నారు. 'విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు' ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయనీ, 1971 జనవరిలో ఇందిరా గాంధీ శంకుస్థాపన చేశారనీ, కర్మాగారం జాతికి అంకితమైంది 1992 ఆగస్టులో అనీ నేను చదువుకునే వెళ్ళాను. ఆయన చెప్పింది ఆ రెండు తేదీల మధ్య ఉన్న ఇరవై ఏళ్ళ గురించి. భూములు ఇచ్చిన 64 గ్రామాల్లో ఆయనది ఒకటి. ప్లాస్టిక్ కవరులోంచి తండ్రి పేరిట ఉన్న ఆర్ కార్డు తీసి చూపించారు. నిర్వాసితులకు ఇచ్చిన కార్డు అది. దాని మీద ఉద్యోగం వస్తుందని ఆ ఇల్లు ఆశపడింది. ఆయనకు రాలేదు, కొడుక్కు రాలేదు. మనవడు ఇప్పుడు కాంట్రాక్టు పనికి వెళ్తున్నాడు. అలాంటి కార్డులు పట్టుకుని ఎదురుచూస్తున్నవాళ్ళు ఇంకా వేలల్లో ఉన్నారు.

భూమి పోయి, ఉద్యోగమూ రాని మనిషి ఆ కర్మాగారాన్ని అమ్మవద్దని ఎందుకు కూర్చున్నాడో నాకు అర్థం కాలేదు. అదే అడిగాను. "అది మా పొలంలో ఉందమ్మా" అన్నారు. ఆ మాట అచ్చులోకి రాలేదు. జాగా లేదని డెస్కులో కత్తిరించారు. ఆ రాత్రి ఇంటికి వచ్చి దాన్ని నా సొంత పుస్తకంలో రాసుకున్నాను.

2025 జనవరి 17న కేంద్రం ఉక్కు కర్మాగారానికి 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. మర్నాడు అది మాకు పతాక శీర్షిక. ఆ వారంలోనే మళ్ళీ వెళ్తే ఆయన ఆ అంకెను నాతో కాగితం మీద రాయించుకుని చూశారు. "ఇందులో ఆర్ కార్డు మాట ఉందా?" అని అడిగారు. లేదని చెప్పవలసి వచ్చింది.

విశాఖ గురించి నా అభిప్రాయం ఒక్కటే ఉందంటే ఇది: ఇక్కడి అసలు వార్త ప్రకటనకూ ప్రారంభోత్సవానికీ మధ్య ఉంటుంది. మేము రెండు చివరలే రాస్తున్నాం. దక్షిణ కోస్తా రైల్వే జోన్‌ను 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు, ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన 2025 జనవరిలో జరిగింది. రెండు రోజులూ మొదటి పేజీలే. మధ్యలోని దాదాపు ఆరేళ్ళు ఏ పేజీకి చెందుతాయి? పెట్టుబడుల సదస్సు జరిగే రెండు రోజులు నగరమంతా రంగులు, కోట్ల అంకెలు. ఆ వారం మా బృందంలో ఎనిమిది మందిమీ సదస్సులోనే ఉంటాం. ఏడాది తర్వాత ఏ స్థలంలో పునాది పడింది, ఏ స్థలంలో ముళ్ళకంప పెరిగింది అని వెళ్ళి చూడడానికి ఒక్క మనిషిని కేటాయించరు. ఇది నాకు నిజంగా కష్టంగా ఉంది.

తెలుగు పత్రికలకు ఈ ఊరు ఎంత ముఖ్యమో తలుచుకుంటే ఆ కష్టం రెట్టింపవుతుంది. 'ఈనాడు' 1974 ఆగస్టు 10న పుట్టింది ఇక్కడే, సీతమ్మధారలో. రాజధానికి దూరాన ఉన్న ఊరు తన వార్తను తానే తెల్లవారుజామున చదువుకోగలగడం అప్పట్లో ఎంత పెద్ద సంగతో పాత పాఠకులు చెబుతుంటే విన్నాను. ఇప్పుడు ఉదయం ఎనిమిదికల్లా వాట్సాప్‌లో పత్రికా ప్రకటనలు వచ్చి పడతాయి. మర్నాడు అన్ని పత్రికల్లోనూ అవే వాక్యాలు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన తర్వాత ఇంకో చిక్కు వచ్చింది. విశాఖ జిల్లాకు 11 మండలాలే మిగిలాయి. పాడేరు వైపు కొండల్లోంచి డోలీలో దించి, అంబులెన్సులో కేజీహెచ్‌కు తెచ్చిన గర్భిణి వార్తను ఏ జిల్లా పేజీలో వేయాలి? రోగి ఇక్కడ, ఊరు అక్కడ. రెండు పేజీలవాళ్ళూ అవతలివాళ్ళు వేస్తారనుకుని వదిలేసిన రాత్రి ఒకటి నాకు తెలుసు.

నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. 2023 నవంబరు 19 రాత్రి చేపలరేవులో మంటలు లేచాయి. నేను చేరేసరికి ఒంటిగంట. బోట్లలోని గ్యాస్ సిలిండర్లు పేలుతున్నాయి, ఆడవాళ్ళు గట్టున నిలబడి గుండెలు బాదుకుంటున్నారు. 40కి పైగా బోట్లు దెబ్బతిన్నాయి. తెల్లవారేలోగా నేను పంపిన వార్తలో బోట్ల లెక్క, నష్టం అంచనా, అధికారుల మాటలు అన్నీ ఉన్నాయి. బోట్ల మీద వేటకు వెళ్ళే కూలీలు, అంటే కలాసీలు, లేరు. బోటు యజమానిది, వల యజమానిది, వేటకు వెళ్ళే కలాసీకి పట్టిన చేపలో వాటా. బోటు కాలిపోతే ఆయన రేపటి కూలీ కాలిపోయినట్టే. అది నాకు మూడో రోజుకుగానీ తట్టలేదు. మళ్ళీ వెళ్ళాను, ఎవరూ మాట్లాడలేదు. ఐదోసారి వెళ్ళినప్పుడు ఎండుచేపలు తిరగేస్తున్న ఒకావిడ "అప్పా, కూర్చో" అంది. మా సీమలో అప్ప అంటే తండ్రి. ఇక్కడ అక్క. నన్ను అక్క అని పిలిచిందని తెలిసిన ఆ క్షణం నాకు ఉద్యోగంలో వచ్చిన ఏ మెప్పుకంటే గొప్పది. ఆవిడ భర్త, మరిది ఒకే బోటు మీద కలాసీలు. వాళ్ళ వార్త రాయడానికి పన్నెండు రోజులు పట్టింది, మూడు కాలమ్‌లలో వచ్చింది.

మాటల విషయంలో ఇక్కడివాళ్ళు చాలా ఓపిక చూపారు. 'గుంట' అంటే మాకు గొయ్యి, వీళ్ళకు ఆడపిల్ల. నా యాసను వెక్కిరించినవాళ్ళు ఒక్కరూ లేరు. అర్థం కాకపోతే మళ్ళీ చెప్పమనేవారు, అంతే. ఉత్తరాంధ్ర మాటను తక్కువ చేసి మాట్లాడే సహోద్యోగులు ఇతర నగరాల్లో తారసపడితే నేను ఊరుకోను.

నచ్చనివి ఇంకా ఉన్నాయి. పాత నగరంలో గచ్చు మీద ఉదయం తుడిస్తే సాయంత్రానికి రేవు నుంచి వచ్చే నల్లని బొగ్గుపొడి. 2020 మే 7న ప్లాస్టిక్ కర్మాగారం నుంచి లీకైన స్టైరీన్ విషవాయువు కమ్మి 12 మంది చనిపోయిన వెంకటాపురానికి ప్రతి ఏటా ఆ రోజు వెళ్తాను. ఆ ఒక్క రోజే కెమెరాలు వస్తాయని అక్కడివాళ్ళకు తెలుసు. అందుకే కిందటేడాది నుంచి మే 7న కాకుండా ఇంకో రోజు కూడా వెళ్తున్నాను.

సముద్రం గురించి అందరూ రాస్తారు. ఆదివారం రాత్రి ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ (మరమరాల) పొట్లం పట్టుకుని గోడ మీద కూర్చుంటే, దూరంగా లంగరు వేసిన ఓడల దీపాలు వరుసగా కనిపిస్తాయి. రేవులోకి తమ వంతు వచ్చేదాకా అవి అక్కడే ఉంటాయి. భీమిలి దాకా 900కె బస్సులో కిటికీ పక్కన కూర్చుని వెళ్ళిన ప్రయాణాలు కూడా నాకు ఎంతో ఇష్టమైనవి.

జూనియర్లిద్దరికీ నా జవాబు: రండి. మొదటి ఆరు నెలలు జీతం చాలదు, ఇంట్లో ముందే చెప్పి రండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఈ తీరంలో 61 రోజులు చేపల వేట నిషేధం. వీలైతే అది ముగిసేలోపు చేరండి. జూన్ 14 రాత్రి చేపలరేవుకు వెళ్ళండి. బోట్లలోకి ఐసు, డీజిల్, బియ్యం, ఉల్లిపాయలు ఎక్కిస్తుంటారు, బోటు ముందు కొబ్బరికాయ కొడతారు. ఆ రాత్రి ఎవరినీ ఏమీ అడగవద్దు. ఐసు బుట్ట అందుకోమంటే అందుకోండి. బోట్లు తిరిగి వచ్చాక మళ్ళీ వెళ్ళండి, అప్పుడు మాట్లాడతారు.