భీమవరంలో ‘సమ్మర్ సర్వీస్’కి కంప్యూటర్ ఇచ్చే ముందు ఇది చదవండి

ఎండలు ముదరగానే ‘సమ్మర్ సర్వీస్’ అని బోర్డు కట్టే షాపు సంగతే ఇది. పేరు రాయను, మన ఊరివాళ్ళకి చెప్పక్కర్లేదు. అక్కడ మాత్రం సీపీయూ కూలర్ (ప్రాసెసర్ మీద కూర్చుని దాన్ని చల్లబరిచే లోహపు రెక్కలు, ఫ్యాన్) మార్పించకండి. మా బాబాయి గారింట్లో కంప్యూటర్ వేడెక్కుతోందని ఇస్తే, సర్వీసుకి 600, కొత్త కూలర్‌కి 1,450 తీసుకున్నారు. తిరిగొచ్చాక వీడియో ఎక్స్‌పోర్ట్ పెట్టగానే ప్రాసెసర్ 100 డిగ్రీలు కొట్టింది. ఇవ్వకముందు కూడా ఇంత లేదు.

ప్రాసెసర్ ఇంటెల్ ఐ5-12400, అంటే దాన్ని కూర్చోబెట్టే గూడు ఎల్‌జీఏ 1700 సాకెట్. దీని మదర్‌బోర్డు మీద కూలర్ బెజ్జాల మధ్య దూరం 78 మిల్లీమీటర్లు. పాత 1200, 1151 సాకెట్లకి 75. వీళ్ళు బిగించింది 75 ది. మూడు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది కానీ కూలర్‌ని బోర్డుకి బిగించే నాలుగు పుష్ పిన్‌లు వాలిపోయి, మూడు పట్టుకుని నాలుగోది ఊరికే బెజ్జంలో నించుంది. కూలర్ ఒక పక్కకి ఒరిగితే ప్రాసెసర్ మూతకీ దానికీ మధ్య సందు వస్తుంది. ఆ సందు పూడ్చడం మధ్యలో రాసే థర్మల్ పేస్టు వల్ల కాదు. పేస్టు పని రెండు లోహాల మధ్య కంటికి కనపడని గరుకులోంచి గాలిని తీసేయడం వరకే. పైగా వీళ్ళు రాసింది తెల్ల సిలికాన్ పేస్టు, అదీ ఎండి పెళుసైపోయిన పాత పేస్టు మీదే. ప్రాసెసర్‌తో వచ్చిన కంపెనీ కూలర్ అడుగున రాగి బిళ్ళ ఉండేది. కొత్తది మొత్తం అల్యూమినియం.

ఇక్కడిదాకా చేతకాని పని అనుకుని వదిలేద్దుము. వదలలేనిది తర్వాత బయటపడింది.

కొత్త కూలర్ ఫ్యాన్‌కి మూడు పిన్‌ల వైరు. పాతదానికి నాలుగు, నాలుగోది స్పీడు తగ్గించి పెంచడానికి. మూడు పిన్‌లది సీపీయూ ఫ్యాన్ సాకెట్‌లో పెడితే, ఆ సాకెట్ పీడబ్ల్యూఎం (నాలుగో పిన్‌తో స్పీడు మార్చే) మోడ్‌లో ఉన్నంతసేపూ ఫుల్ స్పీడులో మోత పెడుతుంది. ఆ మోత వినపడకుండా వైరు పీకి క్యాబినెట్ ఫ్యాన్ సాకెట్‌లో గుచ్చారు. అక్కడ బోర్డు ఉష్ణోగ్రతని బట్టి ఫ్యాన్ తిరుగుతుంది. ప్రాసెసర్ 95 దాటినా బోర్డు 40 దగ్గరే ఉంటే ఫ్యాన్ తాపీగానే తిరుగుతుంది. సీపీయూ ఫ్యాన్ సాకెట్ ఖాళీగా ఉంటే ఆన్ చేయగానే ‘సీపీయూ ఫ్యాన్ ఎర్రర్, ఎఫ్1 నొక్కండి’ అని ఆ బోర్డు ఆపేస్తుంది. అది రాకుండా బయోస్‌లోకి (ఆన్ చేసేటప్పుడు తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లోకి) వెళ్ళి, ఫ్యాన్ స్పీడు లిమిట్ దగ్గర ‘ఇగ్నోర్’ పెట్టి సేవ్ చేశారు.

అది దానంతట అది మారే సెట్టింగ్ కాదండి. తప్పు పని చేశామని తెలిసి, మిషన్ ఆ తప్పు చెప్పకుండా నోరు మూయించారు. డబ్బులు పోయినందుకు కాదు, దీనికే నా ఒళ్ళు మండుతోంది.

కౌంటర్ దగ్గర స్క్రీన్ చూపించి అడిగితే, ‘ఫ్యాన్ తిరుగుతోంది కదండీ, ఇంకేం కావాలి? మే నెలలో ఏ సిస్టమైనా అంతే’ అన్నాడు. పాత కూలర్ ఇచ్చేయమంటే తుక్కులో వేసేశామన్నాడు. బాబాయి గారు పెద్దాయన, నెమ్మదిగానే అడిగారు. ఆయన మాట పూర్తి కాకుండానే వెనక్కి తిరిగి ఫోను మాట్లాడుకుంటున్నాడు.

మే నెలలో అంతే అన్నది అబద్ధం. గదిలో 38 ఉన్నా, బ్రౌజర్ తెరిచి ఊరికే ఉంచితే ఈ ప్రాసెసర్ 50, 55 దగ్గర ఉండాలి. గట్టి పని పెట్టినా, కూలర్ సరిగ్గా కూర్చుంటే 90 దాటకూడదు. 100 దాని ఆఖరి హద్దు. అక్కడికి రాగానే కాలిపోకుండా తన స్పీడు తనే తగ్గించుకుంటుంది. అన్ని కోర్లూ 4 గిగాహెర్ట్జ్‌లో చేయాల్సిన పని సగం స్పీడుకి పడిపోతుంది. ఇంట్లోవాళ్ళు సిస్టం పాతబడిందనుకుంటారు, షాపువాళ్ళు ర్యామ్ వేయించుకోమంటారు. చాలా ఇళ్ళలో జరుగుతున్నది ఇదే.

ఎవరికిచ్చినా విప్పేటప్పుడు పక్కనే నించోండి. కొత్త కూలర్ అడుగున పారదర్శకమైన ప్లాస్టిక్ పొర ఉంటే తీయించండి. పాత పేస్టుని 90 శాతం పైన ఉన్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, పీచు రాలని గుడ్డతో మెరిసేదాకా తుడవాలి. కొత్తది మధ్యలో బఠాణీ గింజంత చాలు. పిన్‌లు ఎదురుబొదురు మూలలవి రెండేసి నొక్కాలి, ఒక్కోటీ టక్కుమనాలి. బోర్డు వెనక నుంచి చూస్తే నాలుగు బెజ్జాల్లోనూ తెల్ల కాళ్ళు విచ్చుకుని, మధ్యలో నల్ల పుల్ల కనపడాలి. ఒక్కటి లేకపోయినా విప్పి మళ్ళీ బిగించమనండి. ఏఎండీ రైజెన్ ప్రాసెసర్ ఏఎం4 సాకెట్‌లో ఉన్నవాళ్ళు కూలర్ తీసే ముందు సిస్టం ఓ పది నిమిషాలు నడిపి, పేస్టు మెత్తబడ్డాక ఆపి, కూలర్‌ని కొంచెం మెలితిప్పి తీయించండి. లేకపోతే ప్రాసెసర్ సాకెట్‌లోంచి ఊడి దానితోపాటు వచ్చేస్తుంది, పిన్‌లు వంగిపోతాయి.

డబ్బులిచ్చే ముందు అక్కడే వేడి చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిపించి, ప్రాసెసర్‌కి గట్టి పని పెట్టే సినీబెంచ్ పది నిమిషాలు నడిపించండి. ‘థర్మల్ థ్రాట్లింగ్’ (వేడికి స్పీడు తగ్గించుకోవడం) ఎదురుగా ‘యెస్’ పడితే పైసా ఇవ్వకండి.

రైసు మిల్లుల చుట్టుపక్కల ఉన్నవాళ్ళకి ఇంకోటి. ఊక బూడిద చాలా సన్నం, కూలర్ రెక్కల మధ్య ఒత్తుగా అట్టకట్టేస్తుంది. చల్లగా ఉంటుందని పక్క మూత తీసి టేబుల్ ఫ్యాన్ పెడితే బూడిద తిన్నగా లోపలికే పోతుంది. మూత వేసే ఉంచండి. ముందు ఫ్యాన్ గాలి లోపలికి లాగాలి, వెనకది బయటికి తోయాలి. క్యాబినెట్ వెనక గోడకి జానెడు ఎడం ఉంచండి. బ్లోయర్ కొట్టేటప్పుడు కరెంటు వైరు పీకేసి, ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోండి. గాలికి అది విపరీతంగా తిరిగితే బేరింగ్ పోతుంది.

బిల్లు మీద కూలర్ మోడల్ రాయించుకోండి, పాత పార్టు వెనక్కి తీసుకోండి. ఇదే షాపులో ఇప్పటికే కూలర్ మార్పించినవాళ్ళు ఈ రాత్రికే బయోస్‌లో ఆ ‘ఇగ్నోర్’ ఉందేమో చూసుకోండి. ఉంటే ఫొటో తీసి, బిల్లు పట్టుకుని వెళ్ళి అడగండి. కాదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. మేమూ అక్కడే ఫిర్యాదు పెడుతున్నాం.