బ్యాటరీ బాగానే ఉంది: కొత్తపట్నం నుంచి ఉదయగిరి దాకా వ్యాన్‌లో ఆరు రోజులు

కొత్తపట్నం బీచ్‌లో మొదటి రాత్రి రెండు దాటాక ఫ్రిజ్ ఆగిపోయింది. సముద్రం హోరు పెడుతున్నా దాని చిన్న మోత ఆగడం తెలిసిపోయింది. లేచి చూస్తే ఫ్రిజ్ మీద లో వోల్టేజ్ ఎర్రర్. పక్కనే గోడకి బిగించిన మీటర్ మాత్రం నిక్షేపంగా 12.9 వోల్టులు చూపిస్తోంది. ఫ్రిజ్‌లో రెండు కిలోల రొయ్యలు, అమ్మ ఇన్సులిన్ పెన్నులు నాలుగు ఉన్నాయి.

మాది పాత టెంపో ట్రావెలర్. సీట్లు పీకించి, రెండు మంచాలు, చిన్న వంటగట్టు, ఫ్రిజ్ పెట్టించాం. ఇంజన్‌కి దాని బ్యాటరీ దానికి ఉంది. ఇంటి సరంజామాకి వేరేగా 100 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీ, 1500 వాట్ల ఇన్వర్టర్, పైన 165 వాట్ల సోలార్ పానెల్ ఒకటి. బండి నడుస్తుంటే ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో పాటు తిరిగి కరెంటు పుట్టించేది) నుంచి కరెంటు లాగి లిథియం బ్యాటరీకి ఎక్కించే 20 ఆంపియర్ల డీసీ-డీసీ చార్జర్ సీటు కింద ఉంది. కాగితం మీద లెక్క బ్రహ్మాండం. గుంటూరు నుంచి ఒంగోలు మూడు గంటలు నడిపితే చాలు, బ్యాటరీ సగానికి పైగా నిండాలి.

"నిండలేదు బావా" అన్నాడు మా బావమరిది, టార్చి నోట్లో పెట్టుకుని. ఆ రాత్రికి ఇన్సులిన్‌ని తడిగుడ్డ చుట్టిన స్టీలు డబ్బాలో పెట్టాం. అమ్మకి మాత్రం ఏ టెన్షనూ లేదు. "మీ నాన్న రోజుల్లో కుండలోనే పెట్టేవాళ్ళం, పడుకోండి" అంది. రొయ్యల సంగతి ఆమె మాట్లాడలేదు. పొద్దున్నే అన్నీ వేపుడైపోయాయి.

కొత్తపట్నం సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఒంగోలు నుంచి అరగంట దారి. ఇసుక గట్టిగా ఉన్నచోట, రోడ్డు చివర ఆపుకుంటే ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. తెల్లారుజామున వలలు లాగేవాళ్ళని చూడడానికి మళ్ళీ వెళ్తాను. కానీ వ్యాన్‌తో వెళ్తే నీళ్ళు, కరెంటు, మరుగుదొడ్డి మీవి మీరే చూసుకోవాలి. బండిలో ఏం తెచ్చుకుంటే అదే.

రెండో రోజు సింగరాయకొండ దగ్గర పాకల బీచ్. సరుగుడు తోటలు, చల్లటి నీడ. అమ్మకి అదే నచ్చింది. నాకూ నచ్చేది, మీటర్ చూడకపోతే. పానెల్ మీద ఒక మూలకి కొమ్మల నీడ పడితే ఆ మూల వరకే నష్టమని నేను అనుకునేవాణ్ణి. లోపల సెల్స్ అన్నీ గొలుసులా ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి. ఒకచోట నీడ పడితే గొలుసంతా కుంటుతుంది. మధ్యాహ్నం పన్నెండుకి వంద వాట్లు రావాల్సినది ఇరవైకి పడిపోయింది. ఎండలోకి జరపబోతే మా ఆవిడ "మనం సముద్రానికి వచ్చామా, పానెల్ ఎండబెట్టుకోవడానికా?" అంది. జరపలేదు. ఆ సాయంత్రం టీ కోసం ఇండక్షన్ పెట్టగానే ఇన్వర్టర్ కుయ్యోమని అరిచి ఆగిపోయింది.

అందుకని ఆ రాత్రి హైవే పక్కన ఒక లాడ్జిలో గది తీసుకున్నాం. ఉద్దేశం గది కాదు, ప్లగ్గు. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్ళు ఇచ్చారు, మేనేజర్ ఎక్స్‌టెన్షన్ వైరు కిటికీలోంచి వేసుకోమన్నాడు. అరగంటయ్యాక మా ఆవిడ చెప్పుల్లేకుండా తడినేల మీద నిలబడి వ్యాన్ తలుపు పట్టుకుని కెవ్వున వెనక్కి వచ్చింది. చెయ్యి జివ్వుమందట. బావమరిది టెస్టర్ ఆనిస్తే బాడీ మీద ఎక్కడ పెట్టినా ఎర్రగా వెలుగుతోంది.

ప్లగ్గు కరెంటుతో వ్యాన్ బ్యాటరీ నింపే మెయిన్స్ చార్జర్ లోపల ఫిల్టర్ ఒకటి ఉంటుంది, దాని గుండా కొద్దిపాటి కరెంటు బాడీకి వస్తుంది. మామూలుగా అది ఎర్తు పిన్ను పట్టుకుని నేలలోకి పోతుంది. ఎర్తు లేకపోతే ఎటూ పోలేక వ్యాన్ బాడీ మీదే ఉండి, ఎవరో ఒకరు తాకేదాకా కాచుకుంటుంది. సాకెట్‌లో మల్టీమీటర్ పెట్టి చూశాం. ఫేజుకి న్యూట్రల్‌కి మధ్య 232 వోల్టులు. ఫేజుకి ఎర్తు రంధ్రానికి మధ్య కూడా దాదాపు అంతే రావాలి. ఏమీ రాలేదు. సాకెట్‌కి రంధ్రాలు మూడున్నాయి గానీ మూడోది అలంకారం. ప్లగ్గు పీకేశాం. అప్పటి నుంచి ఎక్కడికెళ్ళినా మంచం కంటే ముందు సాకెట్ చూస్తున్నాను. లాడ్జివాళ్ళు వింతగా చూస్తారు, చూడనీ.

మూడో రోజు పొద్దున కావలిలో బ్యాటరీ షాపు. కుర్రాడు మర్యాదస్తుడే. మీటర్ పెట్టి "12.8 ఉంది సార్, ఫుల్ చార్జ్" అన్నాడు. ఇండక్షన్ వేసి చూపించాను, ఇన్వర్టర్ ఆగిపోయింది. "అయితే సెల్స్ పోయినట్టే. కొత్తది ముప్పై రెండు వేలు" అన్నాడు. ఈ రెండు మాటలూ తప్పే. మామూలు లెడ్ బ్యాటరీకి, లోడు లేకుండా కాసేపు ఉంచాక, 12.7 వస్తే నిండినట్టు, 12.2 అంటే సగం. మాది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం, దానికి ఆ లెక్క పనికిరాదు. అది నిండుగా ఉన్నా, సగమున్నా 13.2, 13.3 అంటూ ఒకేచోట తిరుగుతుంది. 12.8కి దిగిందంటే అడుగంటుతోందని అర్థం. మొదటి రాత్రి గోడ మీద 12.9 చూసి నేను కూడా మోసపోయాను, కుర్రాణ్ణి అని లాభం లేదు. బ్యాటరీ చావలేదు. మూడు రోజులుగా దానికి తిండి అందడం లేదు.

బావమరిది దారి పొడుగునా సీటు కింది డీసీ-డీసీ చార్జర్ లైటు చూస్తూ కూర్చున్నాడు. వెలుగుతోంది, ఆరుతోంది. పది సెకన్లు పచ్చగా, మళ్ళీ చీకటి. చార్జర్ కంపెనీ చాటింగ్‌లో అడిగితే ఇన్‌పుట్ వోల్టేజ్ కొలవమన్నారు. కొలిస్తే 14.1, దివ్యంగా ఉంది. అయితే చార్జరే పోయిందేమో అన్నారు.

నెల్లూరు ఆటోనగర్‌లో లారీలకి సెల్ఫ్, డైనమో పని చేసే పెద్దాయన ఒకాయన దొరికాడు. టీకొట్టు దగ్గర ఒక లారీ డ్రైవర్ చూపించాడు. షాపంటే రేకుల షెడ్డు, నూనెతో నల్లబడిన బల్ల, గోడకి వేలాడే వైరు చుట్టలు. లిథియం అనే మాట వినగానే "అది నాకు తెల్వదు సార్. వైరు మాత్రం వైరే గదా" అన్నాడు. నాకు సగం ధైర్యం అప్పుడే వచ్చింది.

ఆయన బ్యాటరీని ముట్టుకోలేదు. ఇంజన్ స్టార్ట్ చేయించాడు, హెడ్‌లైట్లు వేయించాడు. మీటర్ ఒక కొసని ఇంజన్ బ్యాటరీ మైనస్ మీద, రెండో కొసని సీటు కింద చార్జర్‌కి వచ్చే నల్లవైరు మీద పెట్టాడు. రెండూ ఒకే మైనస్. మధ్యలో సున్నా రావాలి. చార్జర్ లైటు ఆరినప్పుడు సున్నాయే ఉంది. లైటు పచ్చగా వెలిగిన ఆ పది సెకన్లలో 0.9కి ఎగిరింది.

"ఇదిగో సార్, మీ వోల్టు యాడ పోతా ఉందో చూడండి. ఏ పనీ చేయనప్పుడు కొలిస్తే అన్నీ బాగుండేవే."

చార్జర్ ఇరవై చిల్లర ఆంపియర్లు లాగడం మొదలుపెట్టగానే మైనస్ దారిలో ఎక్కడో అడ్డం పడి దాదాపు ఒక వోల్టు అక్కడే హరించుకుపోతోంది. పాజిటివ్ వైరులో పోయే కాస్త కూడా కలిపితే 14.1 బయల్దేరి చార్జర్‌కి 13 దగ్గర చేరుతోంది. ఇంజన్ ఆగిందేమో అనుకుని చార్జర్ ఆగిపోతోంది. ఆగగానే లోడు లేదు, వోల్టేజ్ మళ్ళీ 14.1. మళ్ళీ మొదలు. మేము కొలిచినప్పుడల్లా అది ఆగి ఉన్న క్షణాలే దొరికాయి.

ముందు ఇంజన్, లిథియం బ్యాటరీల మైనస్ వైర్లు రెండూ ఊడదీయించి, ఆ నల్లవైరు పట్టుకుని బండి కిందకి దూరాడు. అయిదు నిమిషాల తర్వాత పిలిస్తే నేనూ అట్టముక్క మీద పడుకుని చూశాను. వైరు చివర లగ్గుని (బోల్టుకి తగిలించే లోహపు కొస) సుత్తితో కొట్టి చదును చేశారు, పనిముట్టుతో నొక్కి క్రింప్ చేయలేదు. దాన్ని ఛాసిస్ (బండి చట్రం, మైనస్ కరెంటుకి దారి కూడా అదే) మీద పెయింటు గీకకుండానే బోల్టు వేసి బిగించారు. పెయింటు కరెంటుకి గోడలాంటిది. బోల్టు మరల గుండా ఎంత పోతే అంత. దానికి తోడు ఉప్పుగాలి. లగ్గు చుట్టూ చిలుం పచ్చగా, నఖం పెడితే పొడిలా రాలుతోంది. ఇది కట్టి ఇచ్చిన వర్క్‌షాప్ వాళ్ళు సోఫా కుట్టు మీద చూపిన శ్రద్ధలో పదో వంతు ఇక్కడ చూపలేదు.

ఆయన ఎమరీ పేపర్‌తో ఛాసిస్‌ని రూపాయి బిళ్ళంత మేర తళతళలాడేదాకా రుద్దాడు. కొత్త రాగి లగ్గు క్రింప్ చేసి, పళ్ళ వాషర్ వేసి బిగించి, పైన దట్టంగా గ్రీజు పూశాడు. మళ్ళీ కొలిస్తే 0.04. చార్జర్ లైటు వెలిగి, ఇక ఆరలేదు.

ఫ్రిజ్ కథ వేరు. దానికి వేసినది ఇంట్లో లైట్లకి వేసే 1.5 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల) సన్న వైరు, వెళ్ళిరావడం కలిపి పది మీటర్లు. కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో పది ఆంపియర్లు లాగితే ఆ వైరులోనే 1.2 వోల్టులు పోతాయి. బ్యాటరీ దగ్గర 12.9 ఉన్నది ఫ్రిజ్ దగ్గర 11.7. పైగా వోల్టేజ్ తగ్గితే ఫ్రిజ్‌ని ఆపేసే బ్యాటరీ ప్రొటెక్షన్ సెట్టింగు హైలో ఉంది, అంటే కాస్త తగ్గినా ఆపేస్తుంది. అది ఇంజన్ బ్యాటరీ మీద నడిపేవాళ్ళ కోసం, పొద్దున్నే బండి స్టార్ట్ కాకుండా పోకూడదని పెట్టేది. వేరే బ్యాటరీ ఉన్నవాళ్ళు లోలో పెట్టుకోవచ్చు. వైరు మార్చి 6 స్క్వేర్ వేశాడు. అన్నిటికంటే భయం వేసినది ఫ్యూజు చూశాక. ఆ సన్నటి వైరుకి 30 ఆంపియర్ల ఫ్యూజు! ఫ్యూజు కాపాడాల్సింది ఫ్రిజ్‌ని కాదు, వైరుని. ఎక్కడైనా షార్ట్ అయితే ముందు వైరు కాలి, తీరిగ్గా ఫ్యూజు పోయేది. 15 ఆంపియర్లది బ్యాటరీ పక్కనే పెట్టాడు.

రెండున్నర గంటల పని, సామానుతో కలిపి పద్ధెనిమిది వందలు తీసుకున్నాడు. ఈ యాత్రలో నేను పెట్టిన ఖర్చుల్లో అంత సంతోషంగా ఇచ్చిన డబ్బు ఇంకోటి లేదు. నెల్లూరు చేపల పులుసు భోజనం తర్వాతి స్థానంలో ఉంది, అదీ ముందు రోజుదని ఒప్పుకుని మరీ వడ్డించినందుకు. పులుసు మర్నాటికే కదా ఊరేది.

మిగతావి త్వరగా చెప్తాను. మైపాడు బీచ్ దగ్గర ఒక రిసార్ట్‌లో గది తీసుకోకుండా, ప్లగ్గు, స్నానాల గది వాడుకోవడానికి నాలుగు వందలు అడిగారు. సాకెట్‌లో ఎర్తు ఉంది, 231 వచ్చింది. కళ్ళు మూసుకుని ఇచ్చాను. ఆదివారం మాత్రం వెళ్ళకండి, నెల్లూరంతా అక్కడే ఉంటుంది. పెంచలకోనలో కొండ కింద, గుడికి కాస్త ఎడంగా ఆపుకున్నాం. శనివారం కాకపోవడంతో జనం పలచగా ఉన్నారు, రాత్రి కోతులు తప్ప ఎవరూ తలుపు తట్టలేదు. రాపూరు, కలువాయి మీదుగా సోమశిల. 78 టీఎంసీల జలాశయం, గట్టు మీద గాలి అదిరింది గానీ రాత్రి ఉండనివ్వరు, చీకటి పడకముందే ఆత్మకూరు చేరుకోవాలి.

ఉదయగిరికి చేరేసరికి బ్యాటరీ 96 శాతం. ఈ అంకె వోల్టేజ్ చూసి చెప్పింది కాదు, నెల్లూరులోనే షంట్ మీటర్ ఒకటి కొని పెట్టించాం. వచ్చే కరెంటు, పోయే కరెంటు లెక్కగట్టి మిగిలింది చూపిస్తుంది. లిథియం ఉన్నవాళ్ళు మొదటి రోజే కొనాల్సిన వస్తువు, నేను నాలుగో రోజు కొన్నాను. కోట మీదకి అమ్మ రాలేనంది. కింద చెక్క చెంచాలు చేసే ఇంటి అరుగు మీద కూర్చుని, నర్ది కర్రని బాడిసెతో చెక్కి, ఆకురాయి పెట్టి, గరిట ఆకారం వచ్చేదాకా ఒక్కో మెట్టూ చూసి, ఆరు గరిటెలు బేరం ఆడకుండా కొంది. ఇంట్లో టమాటాలకి కూడా బేరమాడే మనిషి. ఆ సాయంత్రం ఇండక్షన్ మీద పాయసం కాచి అందులో ఒక గరిట ప్రారంభోత్సవం చేసింది. ఇరవై నిమిషాలు నడిచింది, ఇన్వర్టర్ కిక్కురుమనలేదు.

బయల్దేరేటప్పుడు నెల్లూరు పెద్దాయన ఒక మాట చెప్పాడు. "నాలుగొందల కిలోమీటర్లు తిరిగినాక ఆ బోల్టు ఇంకోసారి బిగించుకోండి సార్. కొత్త లగ్గు గదా, సర్దుకుంటది." తిరుగు ప్రయాణంలో ఒంగోలు పెట్రోల్ బంకులో బావమరిది కిందకి దూరి పానా పెట్టాడు. పావు చుట్టు తిరిగింది.