చీముగడ్డ కోయించాలంటే మా పేట సర్జరీ క్లినిక్

విజయవాడలో మా పేటలో ఉన్న ఈ చిన్న సర్జరీ క్లినిక్‌కు ఐదుకు నాలుగు స్టార్లు ఇస్తున్నాను. చికిత్సకైతే ఐదూ ఇస్తాను.

మా నాన్నగారికి వీపు మీద, కుడి రెక్క ఎముక పక్కన గడ్డ లేచింది. ఆయనకు చక్కెర వ్యాధి ఉంది. చూస్తుండగానే నిమ్మకాయంత అయి, చుట్టూ ఎర్రగా కమిలింది. రాత్రిళ్లు సలుపుతో నిద్ర లేదు. మందుల షాపులో ఇచ్చిన యాంటీబయాటిక్ అయిపోయింది, సున్నం బెల్లం పట్టూ అయింది. గడ్డ తగ్గకపోగా జ్వరం పట్టుకుంది.

ఇక్కడి సర్జన్ గారు ముందుగా వేలి నుంచి రక్తపు బొట్టు తీసి చక్కెర చూశారు. 286 ఉంది. తర్వాత గడ్డ మీద రెండు వేళ్లు ఆనించి, ఒకదానితో నొక్కి, రెండో వేలికి కదలిక తగులుతుందేమో చూశారు. "లోపల చీము చేరిందండీ. ఇక మాత్రలతో పోదు, కోసి తీయాల్సిందే" అన్నారు. చీము చుట్టూ శరీరమే గోడ కడుతుందట. ఆ గోడ లోపలికి రక్తం అందదు కనుక మందు కూడా సరిగా చేరదు. మరికొన్నాళ్లు మాత్రలు వాడి చూద్దామని పంపేయకుండా ఇలా తేల్చి చెప్పడం నాకు ఎంతో ధైర్యాన్నిచ్చింది.

చీము పట్టిన చోట మత్తు సూది మామూలంత బాగా పనిచేయదని, కాసేపు నొప్పి తెలుస్తుందని నాన్నగారితో ముందే చెప్పారు. ఆయన పళ్లు బిగపట్టారు గానీ బెదరలేదు. లోపల అరలు అరలుగా నిలిచిన చీమునంతా బయటికి తీసి, సెలైన్‌తో కడిగి, కొంత సీసాలో పెట్టి, అందులో ఏ క్రిమి ఉందో తేల్చే కల్చర్ పరీక్షకు పంపారు. స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా ఉందని రిపోర్టు వచ్చాక, అప్పటిదాకా ఇస్తున్న రెండు మందుల్లో దాని మీద పనిచేసేది ఒక్కటే ఉంచి రెండోది ఆపేశారు.

నేను అన్నిటికన్నా మెచ్చుకునేది కట్టు కట్టే సిస్టర్‌ను. కోతకు కుట్లు వేయలేదు. పైన ముందే మూసుకుపోతే లోపల మళ్లీ చీము చేరుతుంది కనుక, గాయం అడుగు నుంచి పూడుతూ రావాలి. అందుకోసం లోపల పెట్టిన పలుచని గాజ్ గుడ్డను రోజూ మార్చాలి. అది ఎండి పుండుకు అతుక్కుని ఉంటుంది. లాగితే ప్రాణం పోయినంత పని అవుతుంది. ఈమె సెలైన్‌ను చుక్కలు చుక్కలుగా పోసి, నానేదాకా నాన్నగారిని మనవల చదువుల గురించి అడుగుతూ, అంచు పట్టుకుని మెల్లగా తీసేవారు. కొత్త గుడ్డను వదులుగానే పెట్టేవారు. "బిగించి కుక్కితే చీము బయటికి రాదు బాబాయిగారూ" అనేవారు. కొత్త కండ ఎర్రగా పట్టడం మొదలైన రోజున నన్ను దగ్గరికి పిలిచి చూపించారు. ఆ రోజు మా ఇంట్లో అందరం కడుపునిండా తిన్నాం.

ఖర్చు విషయానికొస్తే, కోతకు 3,500, రోజువారీ కట్టుకు 250 తీసుకున్నారు. కల్చర్ పరీక్షకు బయటి ల్యాబ్‌లో విడిగా కట్టాలన్న సంగతి ముందు చెప్పలేదు. అది చెప్పి తీరాలి. ఆదివారం కట్టు కట్టేవారు ఉండరు, ఆ పూటకు వేరే చోటు చూసుకోవాల్సి వచ్చింది. క్లినిక్ మొదటి అంతస్తులో ఉంది, లిఫ్ట్ లేదు. నొప్పితో ఉన్న పెద్దవాళ్లకు ఆ మెట్లు చాలా కష్టం. ఒక స్టారు వీటికే తగ్గించాను.

సాయంత్రం జనం ఎక్కువ, ఉదయం పదికి ముందే వెళ్లండి. వీపు మీద గడ్డ అయితే ముందు గుండీలున్న వదులు చొక్కా వేయండి, చేతులు పైకెత్తే పని ఉండదు. పాత షుగర్ రిపోర్టులు తప్పకుండా పట్టుకెళ్లండి, అడుగుతారు.