హ్యాట్రిక్ ఆట: వారానికి అరగంట చాలంటారు, పూర్తిగా నమ్మకండి

ఇంతకుముందు ఫోన్లో ఒక ఫుట్‌బాల్ మేనేజర్ ఆట ఆడేవాణ్ణి, పేరెందుకులెండి. రాత్రి రెండింటికి అలారం పెట్టుకుని లేచి మరీ ఆటగాళ్ళ అలసట తగ్గించే బటన్ నొక్కేవాణ్ణి. ఎవడో డబ్బు పోసి కాయిన్లు కొనుక్కుని ఒక్క సాయంత్రంలో నన్ను దాటి వెళ్ళిపోయాడు, ఆ రోజే తీసేశాను. ఆ తర్వాత దొరికింది హ్యాట్రిక్, ఇదీ ఫుట్‌బాల్ మేనేజర్ ఆటే. 1997లో స్వీడన్‌లో మొదలైంది, బ్రౌజర్‌లో నడుస్తుంది, గ్రాఫిక్స్ ఆశించి వెళితే మాత్రం నిరాశే, ఎందుకంటే మ్యాచ్ కూడా అక్షరాల్లోనే వస్తుంది. అదీ నిజం మ్యాచ్ లాగే తొంభై నిమిషాల పాటు.

లీగ్‌లో ఎనిమిది జట్లు, 14 మ్యాచ్‌లు, సీజన్ 16 వారాలు. వారాంతంలో ఒక లీగ్ మ్యాచ్, వారం మధ్యలో కప్పో ఫ్రెండ్లీయో ఒకటి. ట్రైనింగ్ ఫలితం వారానికి ఒక్కసారే వస్తుంది. అంటే రోజంతా కూర్చున్నా మీ కుర్రాడు ఒక్క ఇంచు కూడా ముందుకు కదలడు. ఈ ఒక్క రూలు కోసమైనా దీన్ని మెచ్చుకోవాలి, పొద్దస్తమానం ఖాళీగా ఉండేవాడికీ షిఫ్టు డ్యూటీ చేసేవాడికీ ఇక్కడ తేడా చాలా తక్కువ. డబ్బు కట్టి సపోర్టర్ అయినవాళ్ళకి గణాంకాలూ హంగులూ ఎక్కువ వస్తాయి గానీ, జట్టు బలం పెరగదు.

అసలు కష్టం ఆలోచనలో ఉంది. ట్రైనింగ్‌లో ఒకసారికి ఒక నైపుణ్యమే ఎంచుకోవాలి. నేను ప్లేమేకింగ్ (మిడ్‌ఫీల్డ్‌లో ఆటని నడిపించే నైపుణ్యం) పట్టుకున్నాను, మిడ్‌ఫీల్డ్ ఎవరిదైతే గోల్ అవకాశాల్లో ఎక్కువ వాటా వాళ్ళదే కాబట్టి. దాని పూర్తి ఫలం మధ్యలో ఆడే ముగ్గురికే, అందుకని లీగ్ మ్యాచ్‌లో ముగ్గుర్నీ ఫ్రెండ్లీలో ఇంకో ముగ్గుర్నీ దింపి వారానికి ఆరుగురికి నేర్పిస్తాం. పదిహేడు, పద్దెనిమిదేళ్ళ వాళ్ళు చకచకా నేర్చుకుంటారు, వయసు పెరిగేకొద్దీ నెమ్మదిస్తారు, పైగా మన 112 రోజులకే అక్కడ ఒక ఏడాది గడిచిపోతుంది. ఇది తెలియక మొదట్లో చవగ్గా వస్తున్నారు కదా అని ముప్పై దాటినవాళ్ళని ఐదుగుర్ని కొన్నాను. ఆ సీజన్ గెలిచి పై డివిజన్‌కి వెళ్ళాను, మర్నాటి నుంచి జీతాలు కట్టలేక చచ్చాను, అమ్ముదామంటే కొనే నాథుడు లేడు. ఇంకోసారి గోల్‌కీపింగ్ నుంచి ప్లేమేకింగ్‌కి మార్చాననే అనుకుని మార్చకుండా వదిలేశాను, ఆరుగురు కుర్రాళ్ళ వారం గంగపాలు. మార్చడానికి పట్టేది పది సెకన్లు!

నాకు బాగా నచ్చింది జట్టు ఉత్సాహం లెక్క. లీగ్ మ్యాచ్‌కో కప్ మ్యాచ్‌కో ముందు మూడే దారులు: మామూలుగా ఆడటం, తేలిగ్గా తీసుకోవడం, లేదా సీజన్ మొత్తానికి ఇదే ముఖ్యమన్నట్టు ప్రాణం పెట్టి ఆడటం. ప్రాణం పెట్టి ఆడితే ఆ మ్యాచ్‌కి బలం వస్తుంది, తర్వాత ఉత్సాహం పడిపోయి మిడ్‌ఫీల్డ్ నీరుకారుతుంది. తేలిగ్గా తీసుకుంటే దానికి సరిగ్గా ఉల్టా. ఎటూ గెలవలేని జట్టు మీద ఓడిపోవడానికి ఒప్పుకుని ఆ ఉత్సాహాన్ని వచ్చే వారానికి దాచుకోవడం నాకు అలవాటవడానికి రెండు సీజన్లు పట్టింది, ఓటమిని ముందే ఒప్పుకోవాలంటే మనసు రాదు మరి.

టైము తినేది ఆటగాళ్ళ మార్కెట్. వేలం మూడు రోజులు నడుస్తుంది, అమ్మేవాడు ఏ టైముకి పెట్టాడో మూడో రోజు సరిగ్గా అదే టైముకి ముగుస్తుంది. యూరప్ వాళ్ళు తీరిగ్గా రాత్రి భోజనాలయ్యాక పెడతారు, అంటే మనకి అర్ధరాత్రి దాటాక. ఆఖరి క్షణంలో ఎవడైనా పాట పెంచితే గడువు ఇంకొంచెం జరుగుతుంది, అలా ఒంటిగంట కాస్తా రెండవుతుంది. మా మేనల్లుడు ఓసారి అడిగాడు, "మామయ్యా, మ్యాచ్ ఎప్పుడు?" అని. శనివారం అన్నాను. "మరి మంగళవారం నుంచి ఏం చూస్తున్నావ్?" అన్నాడు. ఎక్సెల్ షీట్ మూసేశాను.

కొత్తవాళ్ళకి ఒక్కటే చెప్తాను. లైనప్, ట్రైనింగ్ వరకైతే వారానికి అరగంట మాట నిజమే, అంతవరకే ఆడినా కుర్రాళ్ళని పెంచి అమ్ముకుంటూ రెండు మూడేళ్ళలో గౌరవంగా నిలబడొచ్చు. వారంలో ఫలితం కావాలనుకునేవాళ్ళు అసలు రావొద్దు. ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తాను, ఒకటి నిద్ర కోసం కోసేశాను. ఈ గురువారం రాత్రి ఒంటిగంటన్నరకి ఒక పంతొమ్మిదేళ్ళ మిడ్‌ఫీల్డర్ వేలం ఉంది. చూడనని ఇంట్లో చెప్పాను.