సెప్టెంబర్‌లో గండిపేట: నింపుకోవడం మేలా, కాస్త ఖాళీ ఉంచడం మేలా?

సెప్టెంబర్ వచ్చిందంటే హైదరాబాద్‌లో మూసీ ఒడ్డున ఉన్న చాదర్‌ఘాట్‌లో మా చిన్నమ్మ వాళ్లింట్లో ఫ్రిజ్ బల్లెక్కుతుంది. పాత వరద వదిలిన బురద గీత గోడ మీద ఆమె నడుమెత్తున ఉంది. ఎన్నిసార్లు సున్నం వేయించినా మళ్లీ పైకి తేలుతుంది. ఆ గల్లీలో చినుకు పడకపోయినా నీళ్లు రావచ్చు. వికారాబాద్ వైపు గట్టిగా కురిసి, ఎగువనున్న గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువుల గేట్లు ఎత్తితే చాలు.

ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట, పూర్తి మట్టం సముద్రమట్టానికి 1,790 అడుగులు. హిమాయత్‌సాగర్‌ది 1,763.5. రెండూ కలిపినా ఏడు టీఎంసీలు నిండవు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). వాటిని అంచుదాకా నింపి ఉంచాలనేవాళ్ల భయం ఉత్తది కాదు. 2016 ఎండాకాలంలో రెండూ అడుగంటడం మనమంతా చూశాం. పైగా గండిపేట నీళ్లు ఆసిఫ్‌నగర్ దాకా పల్లానికి వాటంతట అవే వచ్చేస్తాయి. కృష్ణా నీళ్లను వంద కిలోమీటర్లకు పైగా పంపులతో తోడి తేవాలి, ఆ కరెంటు ఖర్చు తక్కువేం కాదు.

అయినా సెప్టెంబర్ దాటేదాకా కాస్త ఖాళీ ఉంచడమే మేలని నా గట్టి నమ్మకం. లెక్క చూడండి. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. ఒక్క టీఎంసీ చోటుంటే, వచ్చే వరదలో పదివేల క్యూసెక్కులను దాదాపు 28 గంటలు కిందికి వదలకుండా ఆపుకోవచ్చు. నిండుకుండలో ఆ వెసులుబాటు ఉండదు, వచ్చింది వచ్చినట్టు వదలాల్సిందే. ఆగస్టు దాటాక పైన నేల కూడా నాని ఉంటుంది, పడ్డ వాన ఇంకకుండా పారుతుంది.

అసలు ఈ చెరువులు పుట్టిందే అందుకు. 1908 సెప్టెంబర్ 28న మూసీ ఊరిని ముంచేసింది. ఎగువన రెండు వందలకు పైగా చెరువులు తెగిపోయాయి. అప్పుడు పిలిపించిన ఇంజనీరు విశ్వేశ్వరయ్య వరదను పైనే ఆపాలన్నారు. గండిపేట 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. తాగునీరు దానితోపాటు దక్కిన లాభం. ఇప్పుడైతే ఊరి దాహం చాలావరకు కృష్ణా, గోదావరి, మంజీర తీరుస్తున్నాయి.

వానలు మొహం చాటేసిన ఏడాది ఈ మాట చెల్లదు, అప్పుడు దొరికిన చుక్కనల్లా పట్టుకోవాల్సిందే. అలాగే ఊళ్లోనే కుండపోత కురిసి నాలాలు పొంగితే గండిపేటలో ఎంత ఖాళీ ఉన్నా లాభం లేదు.

కానీ ఆగస్టులోనే చెరువు నిండుకొచ్చిన ఏడాది? 2025 సెప్టెంబర్ చివర్లో రాత్రిపూట మూసీ పక్కనున్న ఎంజీబీఎస్ బస్టాండ్‌లోకి నీళ్లొచ్చి ప్రయాణికులు బిక్కుబిక్కుమంటూ గడిపారు. అలాంటి ఏడాది ముందుగానే, పగటిపూట, ఒకటి రెండు గేట్లు కొద్దిగా ఎత్తి కొన్ని రోజులపాటు వదలాలి. అలా వదిలిన నీళ్లు నదిలోనే సాగిపోతాయి. వానల జోరు తగ్గాక, అక్టోబర్ రెండో సగంలో వచ్చే నీళ్లుంటే మట్టం మళ్లీ పెంచుకోవచ్చు. చిన్నమ్మకైతే గేట్లు ఎత్తుతున్నారన్న కబురు వెలుతురుండగా అందితే చాలు. ఫ్రిజ్‌కి ఓ చెయ్యి వేయడానికి నేను వెళ్తాను.